చెవి చీలిన మేక

సూర్యాపేటలో కరుణ కిరాయికుండే పైగదికి పొద్దున పాలప్యాకెట్టు వస్తుంది, సాయంత్రం మేకలు వస్తాయి. బడిపిల్లలు ఫోన్లో ఆడుకుంటూ నేర్చుకునే ఆటలు తయారుచేయడం ఆమె ఉద్యోగం. ఈమధ్య ఒకటో తరగతి వాళ్ల కోసం మేకల ఆట చేసింది. మేకలు ఒక్కొక్కటే దొడ్లోకి పోతుంటే పిల్లలు లెక్కపెట్టి అంకె నొక్కాలి. పొద్దువాలితే ఆ మేకలు ఆమె ఫోన్లోంచి దిగి, ఒళ్లు దులుపుకుని, మంచం కింద పడుకునేవి. తెల్లారితే మళ్లీ ఫోన్లోకి ఎక్కేవి. ఇంటామె మరియమ్మ దానికేమీ అనుకోలేదు. పెంటికలు మెట్ల మీద పడితే మాత్రం ఊరుకోనంది.

మరియమ్మకు ఆమె 'పైగది పిల్ల'. కంపెనీ వాళ్లకు ఫోన్లో వినపడే గొంతు. మిర్యాలగూడ రైస్‌మిల్లులో పనిచేసే అమ్మ పోయినప్పటి నుంచి కరుణ హాస్టళ్లలోనే పెరిగింది. అక్కడ వార్డెన్ రోజూ అన్నాల వేళ తలకాయలు లెక్కపెట్టేది. లెక్క సరిపోతే చాలు, ఎవరెవరన్నది ఆమెకెందుకు? పేరు పెట్టి పిలిచేవాళ్లు లేని బతుకు ఉప్పులేని కూడు. కడుపు నిండుతుంది, అంతే.

ఆత్మకూర్ (ఎస్) దగ్గరి ఒక తండా బడిలో ముందుగా ఆ ఆట పెట్టారు. పిల్లలు ముట్టుకోలేదు. ఈ నెలా ఇంతే అయితే ఆట తీసేస్తామని కంపెనీ చెప్పేసింది. ఆట పోతే మేకలూ పోతాయి. తన ఉద్యోగం ఏమవుతుందన్న దాని కన్నా ఆ సంగతే కరుణను ఎక్కువ భయపెట్టింది.

ఆ సాయంత్రమే, మిగతా మేకలన్నీ దిగినా, వాటిలో చెవి చీలిన మేక ఒకటి రాలేదు. మంచం కింద చూసింది, మేడంతా వెతికింది. తన ఫోన్లో కాక ఆ ఆట ఉన్నది తండా బడిలోనే కదా అని, తెల్లారగానే అక్కడికి బస్సెక్కింది.

బడిలో సాలి అనే పిల్ల ఫోను తెరను అరచేత్తో కప్పుకుని కూర్చుంది. ఎందుకమ్మా అంటే చెప్పదు. చివరికి తనే కరుణ చెయ్యి పట్టుకుని నాయనమ్మ జమ్లీ దగ్గరికి తీసుకెళ్లింది. జమ్లీ తన మేకల దొడ్డి ముందు కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో గడ్డం ఆనించి చెవి చీలిన మేక.

"నీదేనా? నిన్న మాపటీలి మా వాటెంబడి వచ్చింది" అంది జమ్లీ. "మందను లెక్కవెట్టొద్దు బిడ్డా. లెక్కవెడ్తే ఒకటి తరుగుతది. గందుకే మా పోరగాండ్లు నీ ఆట ముట్టలే."

"మరి ఏదన్న తప్పిపోతే ఎట్ల తెలుస్తది?"

"పేరు వెట్టి పిలుస్త. రానిదేదో అదే తెలుస్తది."

కరుణకు హాస్టల్లో అన్నాల వేళ గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ లెక్కలో ఉంటూనే తను తప్పిపోయి ఉంది. ఎవరూ పిలవలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

బడి అరుగు మీద కూర్చుని అప్పటికప్పుడే ఆట మార్చింది. ఇప్పుడు మేకలకు పిల్లలే పేర్లు పెట్టాలి, రాసిన పేరు చదివి పిలవాలి, రాని మేక ఏదో కనిపెట్టాలి. లెక్కల ఆట కాస్తా చదువుల ఆట అయింది. పేర్ల కోసం పిల్లలు జుట్లు పట్టుకున్నంత పని చేశారు. ఆ గొడవలోనే జమ్లీ కరుణ పేరు కూడా అడిగి తెలుసుకుంది. పిల్లలు ఫోన్లు వదలడం లేదని మధ్యాహ్నానికే తెలిసి, ఆట ఉండనిస్తామని కంపెనీ వాళ్లన్నారు.

పొద్దువాలింది. మేకలు ఫోన్లోంచి దిగి జమ్లీ మందలో కలిశాయి. ఆమె ఒక్కో పేరే పిలిచింది. పిలిచింది పిలిచినట్టు లోపలికి పోయింది. సాలి పెట్టిన పేరుతో పిలిస్తే చెవి చీలినదీ పోయింది. ఇక తన మంచం కింద ఏమీ ఉండదని కరుణకు అర్థమైంది. ఏడుపొచ్చింది. ఎవరికీ చెప్పకుండా సంచి భుజానికేసుకుని ఆఖరి బస్సుకు నడిచింది.

జమ్లీ దొడ్డి తలుపు వెయ్యలేదు. దారివైపు చూసి, మేకలను పిలిచిన గొంతుతోనే, "కరుణా" అని పిలిచింది.

బస్సు వచ్చి, కాసేపు ఆగి, వెళ్లిపోయింది. ఆ వారమే మరియమ్మ పైగదికి టులెట్ బోర్డు కట్టింది.