ఫెరియోల్ కత్తి మూసేదాకా

ఫెరియోల్ ఇంట్లో మధ్యాహ్న భోజనం ఆయన జేబులోంచి మడత కత్తి తీసి తెరిస్తే మొదలవుతుంది, మూస్తే అయిపోతుంది. ఒబ్రాక్ కొండ ఊళ్ళలో ఏ ఇంట్లోనైనా ఇదే పద్ధతి. పెద్దాయన కత్తి మూశాడా, పళ్ళెంలో ఏమున్నా వదిలేసి లేవాల్సిందే, నోటిదాకా వచ్చిన మాటుంటే మింగాల్సిందే. ఫెరియోల్ ఇంట్లో ఇంకొకటి కూడా ఉంది. ఆ కత్తి తెరిచి ఉన్నంతసేపూ సూపు చల్లారదు, రొట్టె తరగదు, కిటికీలోంచి బల్ల మీద పడ్డ ఎండ పక్కకి జరగదు. బయట లోకం తన దారిన తాను పోతూనే ఉంటుంది, బల్ల దగ్గర మాత్రం ఆగిపోతుంది. వాళ్ళ తాతల నాటి నుంచీ అంతే. దాన్ని గురించి ఎవరూ మాట్లాడుకోరు. మీ ఇంటి గడప గురించి మీరు రోజూ మాట్లాడుకుంటారా ఏమిటి?

నిజానికి ఆ ఎండ ఆగేంత అవకాశం ఎప్పుడూ వచ్చేది కాదు. ఫెరియోల్ గబగబా తినే మనిషి. తను చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పేసి, ఎదుటివాళ్ళు గొంతు సవరించుకునేలోపు కత్తి మూసేసేవాడు.

ఆ కత్తిని మాత్రం కళ్ళలో పెట్టుకుని చూసుకునేవాడు. పెళ్ళాన్ని కూడా ఇంత బాగా చూసుకుని ఉంటే బావుండేదని ఊళ్ళో ఆడవాళ్ళు దెప్పేవాళ్ళు. దానిది ఆవు కొమ్ము పిడి. నీళ్ళు సోకనిచ్చేవాడు కాదు. తిన్నాక రొట్టె ముక్కతో బ్లేడు తుడిచి, ఆ ముక్క నోట్లో వేసుకునేవాడు. ఆదివారాలు కీలులో ఒక్క చుక్క అక్రోటు నూనె. మూసేటప్పుడు దాన్ని టప్పున వదిలేయకుండా బొటనవేలితో ఆపుకుంటూ దించేవాడు, లేకపోతే వాదర లోపలి స్ప్రింగుకి తగిలి మొద్దుబారిపోతుంది.

ఆ ఫిబ్రవరిలో, మంచు మోకాళ్ళ లోతున్న ఒక ఆదివారం, సిప్రియాన్ భోజనానికి వచ్చాడు. పక్క పొలాల ఆసామి. పెళ్ళాం పోయింది. ఎందుకొచ్చాడో ఇంట్లో అందరికీ తెలుసు, ఫెరియోల్ కూతురు జెలీని అడగడానికి. అక్కడ పిల్లనడిగాక పెద్దాయన కత్తి మూస్తే ఇచ్చేసినట్టే. తర్వాత కాదంటే ఆ ఇంటి మాట ఇక ఎవరూ నమ్మరు.

జెలీకి ఈ పెళ్ళి అక్కర్లేదు. వేసవిలో ఆవుల్ని కొండ మీదికి తోలుకెళ్ళి, అక్కడి రాతి గుడిసెలో ఉండి చీజు చేయాలని ఆమె కోరిక. అది మగవాళ్ళ పని, ఆడవాళ్ళెవరూ పైకి వెళ్ళరు. అయినా చిన్నప్పటి నుంచీ ఆ పిల్ల బుద్ధంతా అక్కడే. ఆ మాట నాన్నతో చెప్పాలంటే ఆయన తినేలోపు చెప్పాలి, అంతలో గొంతు పెగిలేది కాదు.

ఇదిలా ఉండగా ఆ ఉదయం కొత్త కోడలు నొయెమీ ఒక పని చేసింది. పల్లం నుంచి వచ్చిన పిల్ల, ఈ కొండ మర్యాదలు ఇంకా తెలీవు. చుట్టం వస్తున్నాడు కదా అని, కిటికీ దగ్గర కనబడ్డ మామగారి కత్తిని చెంచాలతో పాటు వేడినీళ్ళలో పడేసి, శుభ్రంగా తోమి, తుడిచి పెట్టింది.

భోజనం చివరికొచ్చింది. బంగాళాదుంపలూ పచ్చి చీజూ కలిపి ఎనిపిన అలిగో ముద్ద గరిటె నుంచి తీగలు సాగుతుండగా సిప్రియాన్ అడగాల్సింది అడిగాడు. ఫెరియోల్ కూతురి వైపు కూడా చూడకుండా కత్తి మూయబోయాడు.

మూసుకోలేదు. మళ్ళీ నొక్కాడు. కొమ్ము ఉబ్బి బ్లేడుని పట్టేసింది.

"మామయ్యా, నేనే కడిగాను" అంది నొయెమీ. "వేడినీళ్ళతో."

ఆమె మొగుడు, జెలీ అన్న, తల పట్టుకున్నాడు. చుట్టం ముందు కోడలిని ఏమంటాడు ఫెరియోల్? కత్తిని ఎండలో పెట్టి, "ఆరనీ. బలవంతం చేస్తే పిడి చీలుతుంది" అన్నాడు.

కత్తి మూయందే ఎవరూ లేవకూడదు, అలా కూర్చున్నారు. ముందు మంచు గురించీ, ఆవుల గురించీ మాట్లాడారు. అవి అయిపోయాయి. ఊళ్ళో వాళ్ళ మీద చాడీలు చెప్పుకున్నారు, అవీ అయిపోయాయి. కిటికీ అవతల మంచు పెరిగింది, తరిగింది, చూరు నుంచి బొట్లుబొట్లుగా కారింది. పక్కింటి మరియెట్ వచ్చి అద్దంలోంచి తొంగి చూసి, బల్ల మీద తెరిచిన కత్తి కనబడగానే ఏమీ అడక్కుండా వెళ్ళి వాళ్ళ ఆవుల పాలు పితికింది. ఊళ్ళో ఎవరడిగినా, వాళ్ళింకా భోజనం దగ్గరే ఉన్నారని చెప్పింది. బల్ల మీద అదే ఎండ, అదే వేడి సూపు.

పైపై మాటలన్నీ అయిపోయాక అసలువి బయటికొచ్చాయి. ముందు సిప్రియానే మనసు విప్పాడు. ఇప్పటికీ రాత్రిళ్ళు రెండు పళ్ళేలు పెడతానన్నాడు. తనకి కావాల్సింది పెళ్ళాం కాదనీ, ఇంట్లో కాస్త అలికిడనీ ఒప్పుకున్నాడు. ఈ ఇంట్లో అడుగుపెట్టాక ఒక్క మాటైనా చివరిదాకా అననివ్వలేదని నొయెమీ ఏడ్చేసింది. జెలీ మాత్రం నోరు విప్పలేదు.

ఫెరియోల్ చాలాసేపు పిడి నిమురుతూ ఉండిపోయాడు. ఆఖరికి చనిపోయిన భార్య లియొంతీన్ కుర్చీ వైపు చూశాడు.

"మీ అమ్మ ఆ రోజు ఇక్కడే కూర్చుని, 'చూడండీ, నాకు' అంది. నేను మూసేశాను. రాత్రికి అడుగుదాంలే అనుకున్నాను. రాత్రికి తనకి స్పృహ లేదు. ఏమనబోయిందో ఇప్పటికీ తెలీదు నాకు."

ఫెరియోల్ అలవాటుగా బ్లేడు కదిపాడు. కొమ్ము ఆరిపోయినట్టుంది, సాఫీగా కదిలింది. అందరూ చూశారు. బ్లేడు సగం దిగింది. అక్కడ ఆయన వేలు ఆగింది.

"చెప్పు తల్లీ" అన్నాడు.

"నేను సిప్రియాన్ గారింటికి వెళ్ళను, నాన్నా. ఆవులతో కొండెక్కుతాను. చీజు నేను చేస్తాను."

అంతటితో ఆపేద్దామనుకుంది. నాన్న కత్తి మూయకపోయేసరికి మాటలు వస్తూనే ఉన్నాయి. పాలు విరిగే సమయం చేతికి ఎలా తెలుస్తుందో, పోయినేడు చీజు ఎందుకు చేదెక్కిందో, ఉప్పు ఎక్కడ తప్పారో, అన్నీ చెప్పింది. ఆడదాని మాట కాపరులు వింటారా అని అన్న నసిగాడు. జెలీ దానికీ జవాబు చెప్పింది. సిప్రియాన్ నవ్వి, తను అడిగింది అడగనట్టే అనుకోమన్నాడు, పెద్దాయన ఏమీ అనుకోకపోతే అప్పుడప్పుడూ భోజనానికి వస్తానన్నాడు.

ఫెరియోల్ కత్తి మూశాడు.

సూపు ఒక్కసారిగా చల్లబడింది. తలుపు తీస్తే మే నెల. వాకిట్లో ఆవులు, మెడలో పెద్ద గంటలు, కొమ్ములకి పూలు. వాటిని సింగారించింది మరియెట్టే. ఊరి మందలన్నీ తెల్లారే వెళ్ళిపోయాయనీ, ఇంక కదలమనీ కేకేసింది.

గుడిసెకి పెద్ద అన్నాక సొంత కత్తి ఉండాలి. దారిలో ఊరి చివర, మందని ఆపి తండ్రీకూతుళ్ళు కత్తుల కొట్లోకి వెళ్ళారు. జెలీ తళతళలాడేవి పక్కకి నెట్టేసింది. ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని తెరిచింది, వెలుతురుకి ఎత్తి బ్లేడు పిడికి నడిమధ్యన దిగుతోందో లేదో చూసింది. చివరికి నల్లచారల కొమ్ముది తీసుకుంది.

"నీళ్ళు తగలనివ్వకు. గబుక్కున మూయకు" అన్నాడు ఫెరియోల్.

జెలీ కత్తి జేబులో పెట్టుకుంది.

"అమ్మ ఆ రోజు ఏమనబోయిందో నాకు తెలుసు, నాన్నా. పొద్దుట్నుంచీ పాల గదిలో నాతో అని చూసుకుంది. 'చూడండీ, నాకు ఒక్కసారి ఆ కొండ మీదికి వెళ్ళి చూడాలనుంది' అని. అంతే."

ఫెరియోల్‌ని కొట్టు ముందు వదిలి జెలీ మందని కదిలించింది. మొదటి మలుపు తిరిగాక వెనక్కి చూస్తే, టోపీ చేత పట్టుకుని ఆవుల వెనకాల వస్తున్నాడు. ఈ ఏడాది ఇంట్లోనే ఉంటానన్న మనిషి. దారి పొడుగునా కుడిపక్కన ఒక మనిషికి సరిపడా చోటు వదిలి నడుస్తున్నాడు. ఊట దగ్గర ఆగి, ఆ ఖాళీ చోటు వైపు తిరిగి, అది ఊట అని చెప్పాడు. పచ్చపూల పొదలు చూపించాడు. కాపరులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు, వాళ్ళ దారిన వాళ్ళు నడిచారు.

పైకి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఫెరియోల్ గుడిసెలోకి రాకుండా అంచున ఉన్న రాయి మీద, కుడిపక్కన చోటు వదిలి కూర్చున్నాడు.

"అదిగో, కింద, మన ఇల్లు" అన్నాడు. "ఇప్పుడు చెప్పు, వింటాను."