పీపా పక్కన పీట

పంపు స్టవ్వు నోట్లో పిన్ను పొడవనిదే లలితమ్మకు తెల్లవారదు. పిన్ను పొడవాలి, పంపు కొట్టాలి, మంట ఎగిరితే వెనక్కి జరగాలి. ఆ జరగడమే ఆ వంటింట్లో కుదరదు. వెనక గోడ. ఒకప్పుడు అక్కడ పెరటి తలుపు ఉండేదట. పట్టుచీరల వ్యాపారం పెట్టాక, దొంగలొస్తారని మామగారు దానికి ఇటుకలు కట్టించేశాడు. మిగిలింది ముందు గుమ్మం ఒక్కటే. దాన్ని ఆనుకుని నడుమెత్తు కిరసనాయిలు పీపా. కరువు నాళ్ళు, దొరికినప్పుడే పట్టిపెట్టుకోవాలి. ముందుగదిలో పెడితే పట్టుకు వాసన పడుతుంది. ధర్మవరం దాకా వచ్చిన పెళ్ళివారు చీర కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని మరీ చూస్తారు. లలితమ్మ కొంగును ఎవరూ వాసన చూడరు కాబట్టి పీపా వంటింట్లో ఉంది. మామగారు పోయాక భర్త గురుమూర్తి పీపాను మార్చాడు గానీ చోటు మార్చలేదు.

పోయిన వేసవిలో స్టవ్వు భగ్గుమని ఆ కొంగే అంటుకుంది. పొట్ట లోపలికి పీల్చుకుని, మండే కొంగు పీపాకు తగలకుండా పైకెత్తి పట్టుకుని, అడ్డంగా తిరిగి గుమ్మం దాటింది. గురుమూర్తి పరుగెత్తుకొచ్చి "ఏ చీర?" అని అడిగాడు. పాతదేనని తెలిసి కుదుటపడ్డాడు. అత్త నాగరత్నమ్మ, పైట దోపుకోవద్దా అని చీవాట్లు పెట్టి, "నేను చేయలేదా ఇన్నేండ్లు ఇదే వంటింట్లో?" అంది. ఆ మాటతో ఆ ఇంట్లో ఏ వాదమైనా ముగిసిపోయేది. పీపా తీయించమని అడిగినప్పుడల్లా పిరికిదన్నారు. భయం నిజంగానే ఉంది. స్టవ్వు ముందు కూర్చుంటే చాలు, ఒళ్ళంతా కళ్ళైపోయి పీపా వైపే చూస్తున్నట్టు ఉండేది. అయినా అరుగు మీదికి కాఫీలు మాత్రం వేళకు పోవాలి.

ఆ ఏడు శెనక్కాయ చేలకు గొంగళిపురుగు పట్టి, మందు చల్లడానికి చిన్న విమానం వచ్చింది. వచ్చిందో లేదో ఊరి బయటి చేలో ముక్కు నేలకు గుద్దుకుని పడింది. ఊరికి తిరునాళ్ళయింది. నడిపినాయన బతికాడు. టెలిఫోను ఉందని అతన్ని గురుమూర్తి ఇంటికే తీసుకొచ్చారు. నడుము నుంచి కిందికంతా పెట్రోలుతో తడిసి ఉన్నాడు. లోపలికొచ్చి కాళ్ళు కడుక్కోమంది లలితమ్మ.

"స్టవ్వు వెలుగుతోందా అమ్మా? అయితే నేను రాను" అన్నాడతను.

ఆ ఇంట్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మగవాడు అతనే. వీధిలోనే కాళ్ళు కడుక్కుని చెప్పాడు. ఆ రకం విమానంలో పెట్రోలు ట్యాంకు నడిపేవాడికి ఎదురుగానే, ఇంజను వెనక ఉంటుందట. ముక్కు నలిగితే ట్యాంకు పగిలి ఒళ్ళో కుమ్మరిస్తుంది. నిప్పురవ్వ లేవకపోవడం తన అదృష్టం. కొత్తవాటిలో ట్యాంకును రెక్కల్లోకి, మనిషికి దూరంగా మార్చారట.

అతను వెళ్ళిపోయాడు. గురుమూర్తి మాత్రం విమానం దిగలేదు. ఎవరొచ్చినా అరుగు మీద అదే పురాణం. చీరల పెట్టె విమానం, కాఫీ లోటా ట్యాంకు. దాన్ని ఎదురింటి ఈశ్వరప్ప ఒళ్ళో పెట్టి మరీ చూపించేవాడు. ఆ లోటాలన్నీ పీపాను ఒరుసుకుంటూ మోసింది లలితమ్మే.

"ఎవనికైనా బుద్ధుండాదా ఈశ్వరప్పా? ఒక పక్క నిప్పు, ఒక పక్క నూనె, నడాన మనిషి. ట్యాంకు ఈడే ఉండల్ల అన్నోన్ని పట్టుకొచ్చి దాని పక్కన కూర్చోబెట్టల్ల. ఒక్క పూట చాలు."

ఖాళీ లోటాలు ఏరుకుంటున్న లలితమ్మ చెయ్యి ఆగింది. ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది. పెళ్ళయిన నాటి నుంచి ఈయన ఉప్పు తక్కువ వేయమంటే తక్కువ వేసింది, పుట్టింటికి వద్దంటే మానుకుంది, నవ్వద్దంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంతమందిలో నోరారా అన్న ఈ ఒక్క మాటను కాదనడం ఏం మర్యాద?

గద్దె వదిలితే బేరం పోతుందని గురుమూర్తికి మధ్యాహ్నం పళ్ళెం ముందుగదికే పోవాలి. మర్నాడు పోలేదు. పప్పూ బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేస్తున్నానని, పెనం మీదివి పెనం మీదే తినాలని లోపలి నుంచి కబురు పెట్టింది. ఓళిగలంటే ఆయన గద్దెనే కాదు, గల్లాపెట్టెనూ వదిలేస్తాడు. వచ్చి చూస్తే స్టవ్వుకూ పీపాకూ మధ్య పీట వేసి ఉంది. ఇరుక్కుని కూర్చున్నాడు. లలితమ్మ పంపు కొట్టింది. మంట ఎగిరింది. వెనక్కి జరిగితే వీపుకు పీపా తగిలింది. ముందుకు జరిగితే మోకాళ్ళకు సెగ తగిలింది. గుమ్మం కేసి చూశాడు. పొట్ట చూసుకున్నాడు.

"మెల్లగా కొట్టు" అన్నాడు.

"మెల్లగా కొడితే ఓళిగ కాలదు."

ఇంకోసారి మంట భగ్గుమంది. చేతిలోని ఓళిగ నోటిదాకా పోలేదు. "ఈ పీపా ఇంత దగ్గరగా యాల పెట్టినారు?" అన్నాడు.

"ట్యాంకు ఈడే ఉండల్ల అన్నోన్ని దాని పక్కన కూర్చోబెట్టల్లని మీరే అంటిరి. ఒక్క పూట చాలని గూడా మీరే అంటిరి. నేను పెండ్లయినకాడి నుంచి కూర్చుంటాండా" అంది లలితమ్మ. స్టవ్వు గాలి తీసేసింది. "ఈ పీపా బయటికి పోయేదాకా, ఆ ఇటుకల గోడ తీసి తలుపు పెట్టేదాకా, ఇంక దీన్ని ముట్టించను. కాఫీలు ఈశ్వరప్ప ఇంట్లో తాగండి."

పెనం దించి నేల మీద పెట్టింది. గురుమూర్తి కాసేపు ఓళిగను చూశాడు, కాసేపు స్టవ్వును చూశాడు. లేచి, పీపాను వంచి, అంచు మీద దొర్లించుకుంటూ వీధి మెట్ల దాకా తీసుకుపోయాడు. పట్టుకు వాసన పడుతుందన్న సంగతి దారిలో గుర్తొచ్చినట్టుంది, గుమ్మంలో ఒకసారి ఆగాడు. తల్లి ఎదురుగా నిలబడి ఉంది. ఆమె పక్కకు జరిగి కొడుక్కు దారి ఇచ్చింది.

నేను చేయలేదా అన్న మాట కోసం కాచుకుని నిలబడింది లలితమ్మ. నాగరత్నమ్మ లోపలికొచ్చి, మూసేసిన తలుపు చోట ఇటుకల మీద చెయ్యి పెట్టింది. చెయ్యి ఎత్తగానే, పొడుగు చేతుల రవికె ఎప్పుడూ మూసి ఉంచే ముంజేతి మీద ముడతలు పడ్డ పాత కాలిన మచ్చ బయటపడింది.

"ఆ విమానం నా కాలంలోనే పడింటే ఎంత బాగుండు" అంది.