రెండో నంబరు ఎవరిది?

మా ఆయనకు రెడీమేడ్ సరుకంటే పడదు. చొక్కాలైతే కొనుక్కుంటాడు గానీ, కంప్యూటర్లో ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం దాని సోర్స్ కోడ్, అంటే ముడి రాత, తెచ్చి ఇంట్లోనే మొదట్నుంచీ కట్టుకోవాల్సిందే. దాన్నే బిల్డ్ అంటాడు. లోకమంతా ఒక బటన్ నొక్కి అప్‌గ్రేడ్ చేసుకుంటుంటే, ఈయన తెర మీద పరుగెత్తే అక్షరాలను చూస్తూ రోజులకు రోజులు కూర్చుంటాడు. పొయ్యి మీద పాలు పొంగిపోయినా పట్టించుకోని మనిషి, ఆ అక్షరాల్లో ఏ చిన్న తేడా వచ్చినా ఉలిక్కిపడతాడు.

హాల్లో ఓ మూల బల్ల మీదుండే ఆ ఒక్క కంప్యూటరే ఇంటిల్లిపాదికీ ఆధారం. అత్తయ్య అందులో పిల్లల గౌన్లకు డిజైన్లు గీస్తుంది. మా ఆడపడుచు బుల్లి కాలేజీలో చదివేది కంప్యూటర్లే కాబట్టి దాని ప్రాజెక్టులూ అందులోనే. నేను అనువాదాలు చేసుకుంటాను. ఎవరి పేరుతో వాళ్లం లాగిన్ అవుతాం, ఎవరి ఫైళ్లు వాళ్లకే తెరుచుకుంటాయి.

ఆ మధ్యాహ్నం అప్‌గ్రేడ్ చివరికొచ్చింది. పాత సెట్టింగులు ఉంచాలా, కొత్తవి వేయాలా అని సిస్టమ్ ఒక్కొక్క ఫైలుకూ అడుగుతుంది. ఈయన మొదట్లో శ్రద్ధగానే చదివాడు. తర్వాత విసుగొచ్చి "కొత్తది, కొత్తది" అంటూ టకటకా నొక్కుకుంటూ పోయాడు. ఆ ఊపులో మా అందరి పేర్లూ ఉన్న ఫైలు కాస్తా కొట్టుకుపోయింది. మళ్లీ ఆన్ చేసేసరికి ఆ కంప్యూటర్‌కి మా ఇంట్లో ఎవరూ తెలియదు.

"నేనెవరో తెలియదంటోందేమిట్రా?" అంది అత్తయ్య.

"ఒక్క నిమిషం అమ్మా," అన్నాడు ఈయన. ఈయన ఒక్క నిమిషం అన్నాడంటే ఆ పూటకి ఆశ వదులుకోవాల్సిందే.

అత్తయ్యకి ఆ తీరిక లేదు. ఓ పెద్ద బట్టల షాపు మొదటిసారి ఆవిడ డిజైన్లు అడిగింది. సాయంత్రం షాపు మూసేలోపు పంపకపోతే ఆ ఆర్డరు ఇంకొకరికి వెళ్లిపోతుంది. ఇన్నేళ్లూ తెలిసినవాళ్ల పిల్లలకు కుట్టిపెడుతూ వచ్చిన మనిషికి ఇది చిన్న సంగతి కాదు. కుర్చీ లాక్కుని కొడుకు వెనకే కూర్చుంది.

"ఫైళ్లెక్కడికీ పోలేదమ్మా," అని బుల్లి ధైర్యం చెప్పింది. "ఎవరివో చెప్పే పేర్లు పోయి నంబర్లు మిగిలాయంతే. అన్నయ్య మనల్ని ఏ వరుసలో చేర్చాడో ఆ వరుసే మన నంబరు. అదే వరుసలో మళ్లీ చేరిస్తే సరి. చెప్పన్నయ్యా, ఎవరి తర్వాత ఎవరు?"

ఈయన నావైపు చూసి నీళ్లు నమిలాడు. తనకు ఒకటి, అమ్మకు రెండు, బుల్లికి మూడు, నాకు నాలుగు ఇచ్చాడు. చూడ్డానికి ఎంత పద్ధతిగా ఉందో! అత్తయ్య లాగిన్ అయి తన ఫైలు తెరవబోతే, నీకు అనుమతి లేదు పొమ్మంది కంప్యూటర్. బుల్లి పరిస్థితీ అంతే.

బుల్లి ఊరుకునే రకం కాదు. అన్నయ్యను పక్కకు జరిపి ఫైళ్ల తేదీలు తిరగేసింది. "ఈ రెండో నంబరు ఫైళ్లు మీ పెళ్లికి రెండేళ్ల ముందు నుంచీ ఉన్నాయేంటి? అప్పటికింకా అమ్మ కూడా ఇందులో చేరలేదు! ఎవడో దొంగచాటుగా దూరినట్టున్నాడు."

"దొంగా? మనింట్లోనా? ముందు వాణ్ణి తీసి అవతల పారెయ్!" అంది అత్తయ్య.

ఆ దొంగను నేనే.

అప్పట్లో మేమిద్దరం ఒకే ఆఫీసు. నా లాప్‌టాప్ పాడైతే ఆఫీసు నుంచే నెట్ ద్వారా వాడుకునేలా ఈయన ఇంట్లో ఉన్న ఈ కంప్యూటర్లోనే నాకు చోటిచ్చాడు. అందరూ పూలిస్తారు, ఈయన లాగిన్ ఇచ్చాడు. నేను దానికే పడిపోయాను. ఇంట్లో చెప్పే ధైర్యం మాత్రం ఈయనకు చాలలేదు. చివరికి ఎవరి ద్వారానో ఈయన పెద్దమ్మ చెవిన నా పేరు వేయించి, ఆవిడే వెతికి తెచ్చిన సంబంధంలా నడిపించాం. రెండు కుటుంబాలూ కలిసిన రోజు, "మీ అభిరుచులేమిటండీ?" అని నన్నే అడిగాడీ మహానుభావుడు. నవ్వాపుకోలేక తల దించుకుంటే, పిల్ల ఎంత అణకువో అని అందరూ మురిసిపోయారు.

బుల్లి ఆ రెండో నంబరు ఫైళ్లను డిలీట్ చేయబోతుంటే ఈయన ఒక్క గెంతులో దాని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు! తప్పంతా బిల్డ్‌లోనే ఉంది. మళ్లీ మొదట్నుంచీ చేస్తా. రేపటికల్లా అయిపోతుంది."

"రేపా?" అంది అత్తయ్య. గడియారం వైపు చూసింది.

నాకు ఒళ్లు మండింది. ఒక్క నిజం చెప్పలేక, మొత్తం ఆపరేటింగ్ సిస్టమే మళ్లీ కట్టడానికి సిద్ధపడ్డాడు! పైగా తల్లి కష్టం బూడిదలో పోసి!

"అత్తయ్యా, రెండో నంబరు నాది. మీది మూడు, బుల్లిది నాలుగు," అన్నాను.

అత్తయ్య నన్ను చూసింది, కొడుకుని చూసింది. "ముందు నా ఫైళ్లు తెరవండి," అంది.

నంబర్లు మార్చగానే గౌన్లన్నీ తెర మీదికొచ్చాయి. ఒక్కొక్కటీ సరిచూసుకుని పంపింది. అందాయని షాపు నుంచి జవాబు వచ్చింది. అప్పుడు కుర్చీ ఈయన వైపు తిప్పింది.

"ఆ రెండేళ్లూ నీ కోసం నేను ఎక్కని గడప లేదు. ఒకమ్మాయి ముక్కు బాగాలేదన్నావు. ఒకమ్మాయి గట్టిగా నవ్విందన్నావు. నీకిక పెళ్లే కాదేమోనని ఎంత బెంగపెట్టుకున్నానో తెలుసా?"

"వద్దంటావేమోనని, అమ్మా..." అని నసిగాడు.

"సరేనంటానేమోనని ఒక్కసారి కూడా అనిపించలేదురా నీకు?"

కోప్పడినా బాగుండేది. ఆవిడ మామూలుగానే అడిగింది. ఇన్నాళ్లూ మేమిద్దరం చాటుగా తలుచుకుని నవ్వుకున్న ఆ నాటకం గుర్తొచ్చి నాకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. ఈయన తల్లి కాళ్ల దగ్గర నేల మీదే చతికిలబడ్డాడు.

అత్తయ్య కళ్లు తుడుచుకుని, నా చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇక మీదట ఈ ఇంట్లో ఏ సంగతైనా నువ్వే వచ్చి నాతో చెప్పమ్మాయ్. వీడు నోరు విప్పేదాకా ఆగితే నేను ముసలిదాన్నయిపోతాను," అంది.

అలాగే అత్తయ్యా అందామనుకున్నాను గానీ, ఏడుపొచ్చేసింది.