తుడిత్తే లెగిసింది

నేను ఒక ఇగ్నిషన్ కాయిల్‌ని. వంశం అడిగితే మాత్రం నాకు కొంచెం ఇబ్బంది. పడవ ఇంజన్ చేసిన కంపెనీ నన్ను చేయలేదు. ఎక్కడో ఊరి చివర రేకుల షెడ్డులో పుట్టాను. ఇద్దరు ఆడవాళ్లు కబుర్లాడుకుంటూ నా ఒంటికి రాగితీగ చుట్టారు, ఇంకొకాయన నల్లటి జిగురు పోసి గట్టిపడనిచ్చాడు. తాడు లాగినప్పుడు పుట్టే కాస్త కరెంటును బలంగా మార్చి ప్లగ్గుకు పంపి నిప్పురవ్వ పుట్టించడం నా ఉద్యోగం. ఆ రవ్వ లేకపోతే ఎంత గొప్ప ఇంజనైనా సముద్రం మీద ఉత్త ఇనుప బరువే.

నా అట్టపెట్టె మీద 'అన్ని ఇంజన్లకూ సరిపోవును' అని అచ్చేశారు. మనుషులు ఇంత ధైర్యంగా ఎలా రాస్తారో నాకిప్పటికీ తెలియదు. విశాఖపట్నంలో పొట్నూరి కామేశం గారి స్పేర్‌పార్టుల దుకాణంలో, గాజుబీరువా అడుగు అరలో చాలాకాలం కూర్చున్నాను. బంగారురంగు పెట్టెల్లోని కాయిళ్లు పై అరలో ఉండేవి. అవీ నాలాంటి బయట సరుకే, కాకపోతే బట్టలు బాగా వేసుకున్నాయి.

సముద్రంలో చేపల వేట మీద ఏటా పెట్టే నిషేధం ముగియబోతున్న రోజుల్లో కాసులమ్మ, ఆమె భర్త సూరాడ ఎల్లాజీ ఆ దుకాణానికి వచ్చారు. నిషేధానికి ముందు ఎల్లాజీ పడవలో పాత కాయిల్ తడిసి, ఇంజన్ ఆగిపోయి, అతను సముద్రం మీద కొట్టుకుపోయాడు. వేరే పడవవాళ్లు తాడు కట్టి లాక్కొచ్చేదాకా కాసులమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఇసుకలోనే నిలబడింది. దించితే మనిషి రాడేమోనని భయం. ఆ ఇంజన్‌కు కంపెనీ కాయిళ్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది, బయట సరుకులోనే ఏరుకోవాలి. అందుకే ఈసారి ఏరడం తన వంతని మొగుడి వెంట వచ్చింది.

ఎల్లాజీ చెయ్యి నేరుగా బంగారురంగు పెట్టె మీదకే వెళ్లింది. కాసులమ్మ సంచిలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదేంటమ్మా?" అన్నాడు కామేశం.

"సంద్రం నీళ్లు బాబూ. కాయిళ్ల మీద పోసి ఎలిగించి సూపించు."

"తడిపిన సరుకు మళ్లీ ఎవరు కొంటారమ్మా?"

"సంద్రం మా ఆయన్ని అడిగి తడుపుతాదేటి?"

"ఊరుకోయే, నలుగురూ సూత్తన్నారు," అని ఎల్లాజీ గొణిగాడు. కాసులమ్మ ఊరుకోలేదు. పాడైనవన్నీ తనే కొంటానని ఒప్పుకుంది. కామేశం విసుక్కుంటూనే, చేత్తో తిప్పి పరీక్షించే యంత్రాన్ని బల్ల మీదకు తెచ్చాడు.

బంగారురంగు పెట్టెలోని కాయిల్ నీళ్లు పడగానే చిటపటమని ఆరిపోయింది. తుడిచినా పలకలేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. దాని పక్కదీ అంతే. తర్వాత నన్ను తీశారు. నేనేదో గొప్పదాన్నని కోతలు కోయను, నేనూ ఆరిపోయాను. కామేశం నన్ను పక్కన పడేయబోతుంటే కాసులమ్మ అందుకుని, కొంగుతో మూలమూలా తుడిచింది.

"ఇంకోపాలి తిప్పు బాబూ."

టక్కున నీలి రవ్వ వెలిగింది.

"తుడిత్తే లెగిసింది! ఇదే ఇవ్వు. మా ఆయనా ఇంతే. తడిసొచ్చి పడిపోతాడు, తుడిత్తే లెగుత్తాడు."

దుకాణమంతా నవ్వింది. ఎల్లాజీ నవ్వు ఆపుకుంటూ చూరు వైపు చూశాడు. అడుగు అరలో అన్నాళ్లు కూర్చున్న నాకు అంత గర్వం మళ్లీ ఎన్నడూ కలగలేదు.

వేటకు వెళ్లే మొదటి రోజు గంగమ్మకు మొక్కి, ఇంజన్ మీదే కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్లు మూత సందుల్లోంచి తిన్నగా నా మీదకే వచ్చాయి. సముద్రంలో దిగకుండానే ఆరిపోయాను. "డూప్లికేటు సరుకు" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. దేవుడి నీళ్లకూ మాకు భయమేనని వాళ్లకెవరు చెబుతారు? కాసులమ్మ మూత విప్పించి నన్ను తుడిచింది. తర్వాత పరీక్షకు తెచ్చిన ఆ సీసానే కడిగి ఎండబెట్టి, అందులో పాతచీర ముక్క కుక్కి, మూత బిగించి మొగుడి చేతికిచ్చింది.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం గాలి తిరిగింది. అల ఒకటి పడవ మీద విరుచుకుపడింది. ఇంజన్ ఆగింది. తోడున్నవాళ్లు గంగమ్మను తలచుకుంటుంటే ఎల్లాజీ తన ఒంటిని అడ్డం పెట్టి, సీసా మూత తీసి, ఆ పొడిగుడ్డతో నన్ను తుడిచాడు. తాడు లాగాడు. లేచాను. ఒడ్డున కాసులమ్మ మా ఇంజన్ చప్పుడును దూరం నుంచే గుర్తుపట్టి, నెత్తిమీది గంప దించింది.

తర్వాత చాలా ఏళ్లు అలాగే గడిచాయి. ఎంత బాగుండేవి ఆ రోజులు! తెల్లారకముందే ఎల్లాజీ తాడు లాగేవాడు, నేను పలికేదాన్ని. చివరికి ఇంజన్ తుప్పుపట్టి పాతఇనుములోకి పోయింది. ఎల్లాజీ మాత్రం నన్ను విప్పి తెచ్చి గుమ్మం పక్కన మేకుకు తగిలించాడు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఉప్పునీళ్ల సీసా కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆరిపోయిన కాయిళ్ల సంఖ్య పెరిగేది.

సముద్రం తీసుకోలేకపోయిన మనిషిని ఒక వానాకాలం జ్వరం తీసుకుంది. ఆ వానల్లో కాసులమ్మ మంచం పక్కన కూర్చుని, ఆ పాతచీర ముక్కతోనే అతని నుదుటి చెమట తుడుస్తూ ఉండేది.

"లెగయ్యా," అనేది. "తుడుత్తన్నాను కదా, లెగు."

ఒకసారి ఎల్లాజీ కళ్లు తెరిచి నా వైపు చూసి నవ్వాడు. ఆ తర్వాత ఆమె ఎంత తుడిచినా లేవలేదు.

ఇప్పుడు ప్రతి శుక్రవారం కాసులమ్మ నన్ను మేకు మీంచి దించి, అదే గుడ్డతో మూలమూలా తుడుస్తుంది. తుడవడం అయ్యాక కాసేపు అరచేతిలో ఉంచుకుని నన్ను చూస్తుంది. నా లోపలి రాగి ఇంకా చెడిపోలేదు. ఎవరైనా నన్నొక ఇంజన్‌కు బిగించి ఒక్కసారి తాడు లాగితే బాగుండును. ఆమెకు ఆ నీలి రవ్వ చూపించాలని ఉంది.