మగ్గం దిగని పరీక్ష

జ్ఞాపకశక్తి పరీక్ష కోసం ఏ ముసలివాళ్ళనీ మగ్గం దిగమనవద్దని నియమం పెట్టింది సుమనే. గద్వాల నేతవాళ్ళ బిడ్డ కదా, చేతిలో పని మాన్పించి ప్రశ్నలడగడానికి మనసెట్లా ఒప్పుతుంది? ఆల్జీమర్స్ మీద ఇరవై ఏళ్ళ పరిశోధన, పెద్ద పెద్ద సభల్లో చప్పట్లు, అన్నీ ఉన్నాయి. పాపం, ఆ ఒక్క జాలి దగ్గరే బోల్తా పడింది.

గద్వాల చీరకు అంచు కలపాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. ఒకరు విసిరిన నాడెను, అంటే నూలు కండె ఉండే కొయ్యను, రెండోవారు అందుకోవాలి. చాలా ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాలే కూర్చుంటారు. సుమన తరఫు సర్వేవాళ్ళు వచ్చి "ఇయ్యాల ఏ వారం?" అని పెళ్ళాన్ని అడిగితే, నాడె అందిస్తూ మొగుడు గొంతులోనే జవాబు గొణిగేవాడు. మగ్గం చప్పుడులో అది ఆమెకు తప్ప ఎవరికీ వినబడేది కాదు. ఆమె తలెత్తి దర్జాగా జవాబు చెప్పేది. వీళ్ళు మార్కులు వేసుకొని ఇంకో నేతవాళ్ళ ఊరు అమరచింతకు పోయేవాళ్ళు. అక్కడా ఇదే తంతు.

ఈ గుట్టు బయటపెట్టింది సుమన దగ్గర పనిచేసే వర్ష.

"జంటల ఒకరు పోతే రెండోవాళ్ళ మార్కులు నెలలోపే ఇరవై ఆరు నుంచి పదకొండుకు పడుతున్నయి మేడమ్. జబ్బు గంత జల్ది ముదరదు గదా?"

సుమన పాత కాయితాల కట్ట విప్పి, ఎనిమిదేళ్ళ కిందటిది ఒకటి వెతికి తీసింది. అమ్మ రేణుకమ్మది, ముప్పైకి ఇరవై ఏడు. కింద సంతకం తనదే. ఆ రోజు అమ్మ పక్కన నాడె అందుకున్నది నాయిన కురుమూర్తి.

నాయిన నిరుడు పోయాడు. నెల తిరక్కముందే అమ్మ కూతుర్ని మరిచిపోయింది. దుఃఖం వల్లేనని సుమన అందరికీ చెప్పింది, తననూ నమ్మించుకుంది. ఏం తెలివి, ఏం చదువు! అమ్మ తనను గుర్తుపట్టి మాట్లాడగలిగిన ఏళ్ళన్నీ పరాయి అమ్మల వెంట తిరగడంలోనే పోయాయి.

సుమన గద్వాలకు మకాం మార్చి ఆర్నెల్లయింది. అన్నం తినిపించే కూతురిని "మీదే ఊరమ్మా? నన్ను మంచిగ చూసుకుంటుండ్రు" అని అడుగుతుంది రేణుకమ్మ. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ నోట తన పేరు వినాలని సుమన ప్రాణం కొట్టుకుంటోంది. ఫొటోలు చూపించింది, బతిమాలింది, ఒకనాడు ఆపుకోలేక ఏడ్చింది కూడా.

"ఏడ్వకు బిడ్డా, మీ అమ్మ వస్తది తీ" అని ఓదార్చింది అమ్మ.

కాయితం దొరికిన మర్నాడు పొద్దున్నే సుమన మగ్గం గదిలోకి పోయింది. నాయిన వదిలిన చీర సగంలోనే ఉంది. రేణుకమ్మ రోజూలాగే తన వైపు కూర్చొని ఉంది. నాడె చేతిలోనే ఉంది, అందుకునే మనిషే లేడు. సుమన వెళ్ళి నాయిన చోట కూర్చుంది. నాడె వచ్చింది. అందుకొని తిరిగి పంపింది.

"గింత ఆలస్యం చేస్తివేందయ్యా" అంది రేణుకమ్మ, తల తిప్పకుండానే.

సుమన నాడె మళ్ళీ పంపింది.

"రేపు మన సుమన కాయితాలు పట్టుకొని వస్తదంట. నాకు వారాలు యాదికుంటలేవు. పక్కనుండి జర నువ్వే చెప్పు."

ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన పేరు అది. సుమన చెయ్యి ఆగిపోయింది.

"నాడె ఆపకు. దానికి తెల్వనియ్యకు. తెలిస్తే అన్నీ ఇడిసిపెట్టి నా కాడనే కూసుంటది. గంత సదువు సదివింది, ఆగమైతది పిల్ల."

అమ్మా, నేనే సుమనను అని అరవాలనిపించింది. అరిస్తే అమ్మ ఇటు తిరుగుతుంది, తిరిగి "మీదే ఊరమ్మా" అంటుంది. సుమన నాడె పంపింది.

"చెప్త తీ" అంది మెల్లగా.

"ఇయ్యాల ఏ వారం?"

వేలమందిని తాను అడిగిన ప్రశ్నే, ఇప్పుడు అమ్మ అడుగుతోంది. సుమన తల వంచి, నాయినలాగే గొంతులోనే గొణిగింది.

"బేస్తారం."

రేణుకమ్మ తలెత్తింది. ఎదురుగా కూతురు కాయితం పట్టుకొని నిలబడి ఉన్నట్టు, ఖాళీ గుమ్మం వైపు చూసి గట్టిగా చెప్పింది.

"బేస్తారం, సుమనా."