బోర్డు మీద నాలుగు కిలోలు

కాపీ కొట్టడం మా బావకి వెన్నతో పెట్టిన విద్య. అక్క మొగుడు కదా అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇద్దరం ఒకే షాపులో పనిచేస్తాం. ఇనప సామాన్ల తుప్పు యాసిడ్‌లో వదలగొట్టి మెరుగు పెడతాం. వాడేసిన యాసిడ్‌ని కాస్టిక్ సోడాతో విరిచేస్తే గానీ కాలవలోకి వదలకూడదు. ఆ సోడా లెక్క ఎప్పుడూ నాది, పేరు మాత్రం బావది. ఒళ్లు మండదూ?

ఆ రోజు మా ఓనరు పెద్దాయన చెరో తొట్టి చూపించి, "ఒక్కోదాంట్లో తొమ్మిది కిలోల ఎనిమిది వందల గ్రాముల సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంది. సరిగ్గా విరిచినవాళ్లకే ల్యాబ్ పెత్తనం, దాని తాళం" అన్నారు. ఆ తాళం కోసం మూడేళ్లుగా నా కళ్లు కాయలు కాచాయి.

ఆ లెక్క నాకు కొట్టిన పిండి. మోల్‌కి తొంభై ఎనిమిది గ్రాముల చొప్పున యాసిడ్ వంద మోల్స్. సోడా మోల్‌కి నలభై గ్రాములు. అయితే ఈ యాసిడ్ మహా ఆశపోతు, మోల్‌కి రెండేసి మోల్స్ సోడా మింగితే గానీ చల్లారదు. అంటే రెండు వందల మోల్స్, ఎనిమిది కిలోలు. బోర్డు మీద మాత్రం ఒకటికి ఒకటే లెక్కేసి, "నాలుగు కిలోలు" అని ఇంత లావున రాసి, చేతులు కడుక్కునే వంకతో బయటికెళ్లాను. కిటికీలోంచి చూద్దును కదా, బావ మెడ సాచి మరీ చదువుతున్నాడు. నవ్వాపుకోలేక చచ్చాను.

ఇద్దరం సోడా కలిపాక పెద్దాయన పరీక్ష కాగితం ముంచారు. నా తొట్టిలో ఆకుపచ్చ, విరిగినట్టే. బావ తొట్టిలో ఎరుపు చూద్దామని గుడ్లప్పగించి నిలబడ్డాను. అదీ ఆకుపచ్చే!

"ఎంత వేశావోయ్?"

"ఎనిమిది కిలోలండీ," అన్నాడు బావ, సిగ్గూ ఎగ్గూ లేకుండా. "మరదలు బోర్డు మీద నాలుగని రాసింది. తను కూరలో ఉప్పు కూడా సగమే వేస్తుందండీ. అందుకే రెట్టింపు చేశా."

పెద్దాయన బోర్డు వైపు చూశారు. "ఈ రాత నీదేగా అమ్మా? మరి నువ్వెంత వేశావు?"

"ఎనిమిది," అన్నాను.

"అంటే తెలిసే తప్పు రాశావన్నమాట. అది నమ్మి ఇంకెవరైనా సగమే విరిగిన యాసిడ్‌ని కాలవలోకి వదిలేసుంటే?"

సిగ్గుతో చితికిపోయాను. తాళం బావ చేతిలో పడింది.

సాయంత్రం బుద్ధిగా బోర్డు తుడిచి రాశాను: "రేపటిది హైడ్రోక్లోరిక్ యాసిడ్. దీనికి ఒకటికి ఒకటే చాలు. రెట్టింపు చెయ్యొద్దు." కింద "ఒట్టు" అని కూడా రాశాను.

బావ రెండుసార్లు చదివి, తాళం గిరగిరా తిప్పుతూ నా మొహంలోకి చూశాడు. "చెప్పు మరదలా, ఇందులో ఏం మెలిక పెట్టావు?"