మోటారు గొంతు దిగిన వేళ

ఆ రోజు ఫిబ్రవరి పందొమ్మిది. రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు తిని మేస్త్రి ఆరింటికల్లా ఫ్యాక్టరీలో మిషను పక్కన నిలబడ్డాడు. ప్లాస్టిక్‌లను కరిగించి కలిపే ఆ మిషను మీద ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి. మీటరు చూడడు, మోటారు వింటాడు. అందుకే అందరికీ చెవుల మేస్త్రి.

లోపల నైలాన్, పాలీప్రొపిలీన్ అనే రెండు ప్లాస్టిక్‌లు కరుగుతున్నాయి. కరిగినా అవి కలవవు. చల్లారాక వంచితే ఉల్లిపొరల్లా ఊడిపోతాయి. ఒక చేత్తో దీన్నీ, ఇంకో చేత్తో దాన్నీ పట్టుకునే మూడో రకం గింజలేవో ల్యాబులో పనిచేసే కెమిస్టమ్మాయి కలిపింది. ఇప్పటికి రెండుసార్లు, చల్లారిన ముక్క వంచగానే విరిగింది. ఈసారీ విరిగితే రేపట్నుంచి రావద్దని మేనేజరు ఆమెతో చెప్పేశాడు.

కాసేపు విని ఆయన మిషను ఆపేశాడు. గొంతు దిగలేదన్నాడు. కలిస్తే ద్రవం చిక్కబడుతుంది, మోటారుకు బరువెక్కుతుంది, దాని గొంతు దిగుతుంది. వెళ్లి చూస్తే నైలాన్ బస్తా మూతి తెరిచే ఉంది. నిన్న కట్టడం మరిచింది ఆ అమ్మాయే. గింజలు రాత్రంతా తేమ తాగాయి. నైలాన్‌ను అందుకోవాల్సిన మూడో గింజల చెయ్యి నీళ్లను పట్టుకుని ఊరుకుందని ఆమె గొణిగింది.

 ఆయన గింజల్ని తేమ పోయేలా డ్రయ్యర్లో పోసి ఐదు గంటలు ఆగుదామన్నాడు. కూర్చున్నప్పుడు, అసలు లోపల కలవడానికి ఎంతసేపు పడుతుందని అడిగాడు. నిమిషం కూడా పట్టదందామె. ఆయన మిషను వైపు తిరిగి చూశాడు. ఇన్నేళ్లూ తను విన్నది, కంటికి కనపడని కోటానుకోట్ల చేతులు ఒకదాన్నొకటి అందుకోవడమా!

మధ్యాహ్నం మళ్లీ నడిపారు. నిమిషం లోపే మోటారు గొంతు దిగింది, మూట భుజానికెత్తుకున్న మనిషి గొంతులా. ఆమె ముక్క కోసి వంచింది. విరగలేదు. ఇంకోసారి వంచి ఆయనకిచ్చింది. ఆయన దాన్ని రెండు కొసలూ కలిసేలా మడిచి పిడికిట్లో పట్టుకున్నాడు.

"మీ చెవులు కోసి ల్యాబులో దాచుకుంటా బాబాయ్."

"దాచుకో తల్లీ. మీ పిన్ని పోయాక ఇంట్లో వాటికి పనే లేదు."

స్టూలు మీద కూర్చుని, గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. వింటున్నాడనుకుంది ఆమె. బస్తా ఖాళీ అయ్యేదాకా అలాగే అనుకుంది. మిషను ఆగాక కూడా ఆయన కళ్లు తెరవలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

ఆయన్ని తీసుకెళ్లాక, దీపాలార్పి ఆమె చప్పుడు కాకుండా తలుపు మూసింది. లోపల స్టూలు మీద, ఆయన పిడికిట్లోంచి జారిన ముక్క మడత విప్పుకుంటూ మెల్లగా తిన్నగా అవుతోంది.